రెండు వేళ్ల జాగా

ఆ ఎండాకాలం నా వేళ్లకు పొగరెక్కింది. నోటికి పొగరెక్కిన వాళ్లను ఎరుగుదును, ఉద్యోగం చూసుకుని పొగరెక్కిన వాళ్లనూ ఎరుగుదును. వేళ్లకెక్కడం మాత్రం నాలోనే చూశాను.

మాది గుడ్డివాళ్ల కోర్సు. ఈ మాట వింటే మా టీచరు మొల్లెన్‌కాంప్ గారు ఒప్పుకునేవారు కాదు, "స్పర్శ నిపుణులు" అనమనేవారు. ఏ పేరు పెట్టినా పని ఒకటే. డాక్టరు దగ్గరికి వచ్చిన ఆడవాళ్ల రొమ్ముల్ని వేళ్లతో తడిమి, లోపల ఎక్కడైనా చిన్న గడ్డ కట్టిందేమో వెతకాలి. చూపున్న డాక్టరు మూడు నిమిషాల్లో ముగించే పనికి మేము ముప్పావు గంట తీసుకుంటాం. చూపు లేనివాళ్ల వేళ్లకు ఉండే నేర్పును ఉద్యోగంగా మార్చాలని ఎవరికో పుట్టిన ఆలోచన అది. మా ఊరు వుప్పర్టాల్‌లో మా ఆసుపత్రి వాళ్లు అంతకు ముందు నవంబరులోనే మొదలుపెట్టారు. మొదటి జట్టులో ఐదుగురం ఉండేవాళ్లం.

నాకప్పుడు ముప్పై ఆరేళ్లు. ఇరవైల్లో చూపు అంచుల నుంచి తరుగుతూ వచ్చి, ముప్పై దాటేసరికి వెలుగుందో లేదో తెలిసేంత మాత్రమే మిగిలింది. నగరపాలక ఆఫీసులో టెలిఫోన్ దగ్గర కూర్చునేదాన్ని. ఆ పనిని యంత్రానికి అప్పజెప్పి నాకు పూలగుత్తి ఇచ్చి పంపేశారు. తర్వాత నాలుగేళ్లు ఇంట్లో సోఫాలో కూర్చుని, "నువ్వు కూర్చో ఇల్కా, నేను తెస్తాగా" అనే అమ్మ మాట రోజుకు ఇరవైసార్లు విన్నాను. అందుకే ఈ కోర్సు నాకు ప్రాణంతో సమానం. ఇది చేజారితే మళ్లీ ఆ సోఫాయే గతి.

మా పనికి దారి చూపేవి పట్టీలు. రొమ్ము మీద నిలువుగా ఐదు పట్టీలు అంటిస్తాం. వాటి మీద సెంటీమీటరుకొకటి చొప్పున వేలికి తగిలే చుక్కలుంటాయి. రెండు పట్టీల మధ్య వేళ్లు పెట్టి, ప్రతి చుక్క దగ్గరా మూడు లోతుల్లో నొక్కుతూ పైనుంచి కిందికి రావాలి. మొదటి రోజే మొల్లెన్‌కాంప్ గారు రెండు నియమాలు చెప్పారు.

"ఒకటి, ఒక చెయ్యి ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. రెండు చేతులూ ఎత్తారంటే ఎక్కడిదాకా వచ్చారో లెక్క పోతుంది. చూపున్నవాళ్లయితే మళ్లీ చూసుకుంటారు, మీరు చూసుకోలేరు. రెండోది, 'ఏమీ లేదు' అనే మాట మీ నోట రాకూడదు. ఉందో లేదో చెప్పేది డాక్టరు. మీరు ఏ పట్టీ, ఏ చుక్క అన్నది చెప్పి ఊరుకోవాలి. తెలిసిందా?"

"తెలిసింది మేడమ్," అన్నాం ఐదుగురం, బడిపిల్లల్లాగా.

మా ఐదుగురిలో నాకు గిట్టనిది సెవ్గీ. టర్కీ వాళ్ల పిల్ల, సోలింగెన్ నుంచి బస్సులో వచ్చేది. ఇరవై ఆరేళ్లు, పుట్టుకతోనే చూపు లేదు. ఆ పిల్ల కింద మెట్లెక్కుతుంటేనే గొంతు మూడో అంతస్తులో మాకు వినబడేది. ఆలస్యంగా రావడం, వచ్చాక బస్సులో ఎవరేమన్నారో అందరికీ వినిపించడం, ఆ తర్వాత పనిలో అందరికన్నా వెనకబడడం. రబ్బరు బొమ్మలో దాచిన ఐదు గడ్డల్ని నేను ఇరవై నిమిషాల్లో పట్టేసేదాన్ని. ఆ పిల్ల గంటసేపు తడిమి, మళ్లీ మొదటినుంచి తడిమేది.

"అక్కా, నువ్వు వెతుకుతున్నావా, పియానో వాయిస్తున్నావా?" అనేది నా వేళ్ల చప్పుడు విని.

"నీలాగ పిండి పిసుకుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది."

"తెల్లారితే మాత్రం మనిద్దరికీ ఏం తేడా అక్కా!"

అందరూ నవ్వేవాళ్లు. నేను నవ్వేదాన్ని కాదు. ఈ వేళాకోళం మనిషి ఎలా నెగ్గుతుందో చూద్దామని లోలోపల అనుకునేదాన్ని. నేనెంత ఓర్వలేని మనిషినో నాకు తెలియక కాదు, తెలిసే అలా ఉండేదాన్ని.

జూన్‌లో ఒక ఆదివారం. మా ఇంటికి అమ్మ పేరిట ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. మా దేశంలో యాభై దాటిన ప్రతి ఆడమనిషికీ రెండేళ్లకోసారి అలాంటి ఉత్తరం వస్తుంది, ఫలానా రోజు ఫలానా గంటకు వచ్చి మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే తీయించుకోమని. మా అమ్మ గెర్లిండెకు అరవై మూడేళ్లు. ముప్పై ఏళ్లు రిబ్బన్ల మిల్లులో తనిఖీ పని చేసిన మనిషి. గట్టి మనిషే, కానీ ఆ యంత్రమంటే మాత్రం హడలు.

"ఇల్కా, ఆ యంత్రం ఎలా నొక్కుతుందో తెలుసా? తలుపు సందులో పెట్టి మూసినట్టుంటుంది," అంది వంటింట్లోంచి. పుల్లటి రూబార్బ్ కాడలతో కేకు చేస్తోంది, వెన్నా చక్కెరా కలిపిన వాసన సోఫాదాకా వస్తోంది. "ఇంట్లో నిపుణురాలిని పెట్టుకుని నేనెందుకెళ్లాలంట?"

"నేనింకా నిపుణురాలిని కాలేదమ్మా."

"మీ టీచరుగారు నువ్వే మొదటి ర్యాంకని చెప్పలేదూ? రా, చూడు నన్ను. కేకు ఓవెన్‌లో పెట్టాను, ముప్పావు గంట ఉంది. సరిగ్గా మీ లెక్కే!"

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా అమ్మకు పెరటి చెట్టే కావాల్సొచ్చింది, నాకూ ఆ మాట తియ్యగానే ఉంది. నాలుగేళ్లుగా నేను కాఫీ కప్పు అందుకోబోతే ముందే అందించే మనిషి, ఇప్పుడు ఒళ్లప్పగించి పడుకుంటానంటోంది.

"పట్టీలు తెచ్చుకోలేదే?" అంది సోఫాలో వెల్లకిలా పడుకుని.

"నీ ఒంటికి పట్టీలెందుకమ్మా, నీ ఒళ్లు నాకేమైనా కొత్తా?"

"అమ్మో, చేతులు చల్లగా ఉన్నాయే! కప్పను మీదేసినట్టుంది."

"మాట్లాడకు. కదులుతోంది."

కుడివైపు ముగించాను. ఎడమవైపు మొదలుపెట్టి రొమ్ము ఎముక దగ్గర్నుంచి చంక వైపు వరసలు వరసలుగా వస్తున్నాను. పట్టీలు లేకపోయినా వేళ్లు వాటంతటవే పోతున్నట్టు, చెయ్యి తిరిగిన దర్జీ గుడ్డ మీద గీత గీయకుండానే కత్తిరించినట్టు అనిపించింది. సగం దాటాను. ఓవెన్ గంట మోగింది.

"నేను లేస్తానుండు," అంది అమ్మ.

"నువ్వు పడుకో. నేను తీస్తాను."

ఈ మాట అనడానికి నేను నాలుగేళ్లు ఎదురుచూశాను. రెండు చేతులూ తీసేసి, వంటింట్లోకి వెళ్లి, మందపాటి గుడ్డ పట్టుకుని కేకు బయటికి తీసి పొయ్యి మీద పెట్టాను. వేలొకటి చుర్రుమంది. నీళ్ల కింద పెట్టుకుని, తుడుచుకుని వచ్చి మళ్లీ అమ్మ పక్కన కూర్చున్నాను. ఎక్కడ ఆపానో అక్కడే చేతులు పెట్టాననుకుని చంకదాకా ముగించాను.

"ఏమంటారు డాక్టరమ్మా?" అంది అమ్మ రవిక గుండీలు పెట్టుకుంటూ.

"ఏమీ లేదు. శుభ్రంగా ఉంది," అన్నాను.

మా టీచరు అనకూడదన్న మాట అంత తేలిగ్గా నా నోటివెంట వచ్చేసింది. అమ్మ అక్కడితో ఆగలేదు. మర్నాడు పొద్దున్నే నా ఎదుటే ఆ ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసింది.

"నాకు రావాల్సిన అవసరం లేదండీ. మా అమ్మాయి చూసింది. అవునండీ, మా అమ్మాయే. ఆ కోర్సు చేస్తోంది, పేపర్లో కూడా వేశారు కదా, చూపు లేనివాళ్లు... ఆఁ, అదే. చాలా బాగా చూసింది."

నేను టేబుల్ దగ్గర రొట్టెకు వెన్న రాసుకుంటున్నాను. 'అమ్మా, అలా రద్దు చేయకు, ఆ పరీక్ష వేరు, నాది వేరు' అనొచ్చు. అనలేదు. అమ్మ ముక్కూమొహం తెలియని మనిషికి నా గురించి గొప్పలు పోతుంటే వింటూ కూర్చున్నాను. ఆ పూట తిన్న రొట్టె రుచి ఇప్పటికీ గుర్తుంది, సిగ్గులేని దాన్ని.

ఆగస్టు రెండో వారంలో మాకు ఆఖరి పరీక్ష. ఒక్కొక్కరం నిజమైన ఆడమనిషిని, నిజమైన డాక్టరు ఎదుట పరీక్షించాలి. పట్టీ, చుక్క పైకి చెబితే డాక్టరు రాసుకుంటారు. ఆ అంకెలు మంచం మీదున్న మనిషికి అర్థం కావు, మాకు మాత్రమే అర్థమవుతాయి. ఒకే హాల్లో తెరలు కట్టి ఐదు మంచాలు వేశారు. సెలవుల రోజులు కావడంతో వస్తామన్న ఇద్దరు ఆడవాళ్లు సముద్రానికి పోయి కూర్చున్నారు. మీ ఇళ్ల నుంచి ఎవరైనా రాగలరా అని మొల్లెన్‌కాంప్ గారు అడిగారు. సొంతవాళ్లను సొంతవాళ్లు చూడకూడదు, వేరేవాళ్ల మంచానికి పంపుతామన్నారు.

అమ్మకు చెబితే ఎగిరి గంతేసినంత పని చేసింది. ఎండాకాలంలో కూడా నల్ల కోటు వేసుకుని, సెంటు పూసుకుని వచ్చింది. మా ఊళ్లో పైనున్న పట్టాకు వేలాడుతూ పోయే రైల్లో మా పక్కన కూర్చున్నావిడకు కూడా మేమెక్కడికి వెళ్తున్నామో చెప్పింది.

అమ్మ సెవ్గీ మంచానికి పడింది. నా మంచానికీ దానికీ మధ్య ఒక్క తెర అడ్డం. నా మంచం మీద బ్యూజింగ్ గారని, బస్సు నడిపి రిటైరైన పెద్దావిడ. గొంతు గరగరలాడుతూ ఉంది.

"మొదలుపెట్టమ్మాయ్. నేను కదిలితే గట్టిగా తిట్టు, నాకలవాటే," అందావిడ.

తెర అవతల మా అమ్మ గొంతు వినబడుతోంది. "నేను ఇల్కా వాళ్లమ్మనమ్మా. నా కూతురు పక్కనే ఉంది."

"అబ్బో, ర్యాంకు పిల్ల తల్లిగారా! అయితే నేను ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి," అంది సెవ్గీ, హాలంతా వినబడేలా. "పడుకోండి ఆంటీ. చేతులు వెచ్చగా ఉన్నాయా?"

"మా అమ్మాయి చేతులకన్నా వెచ్చగా ఉన్నాయి."

నేను పట్టీలు అంటించి పని మొదలుపెట్టాను. ఒక చెవి నా మనిషి ఊపిరి మీద, ఇంకో చెవి తెర అవతల. సెవ్గీ పెద్ద గొంతుతో అంకెలు చెబుతూ పోతోంది. మధ్యలో అమ్మతో పరాచికాలు. ఆ పిల్ల పరీక్షలో కూడా నోరు మూసుకోదా అని నాకు చిరాకేసింది. కుడివైపు అయిపోయింది. ఎడమవైపు ఒకటి, రెండు పట్టీల మధ్య అయిపోయింది. రెండు, మూడు అయిపోయింది. మూడు, నాలుగు మొదలైంది.

సెవ్గీ గొంతు ఆగిపోయింది.

ఆలోచిస్తోందేమో, లెక్క తప్పిందేమో అనుకున్నాను. తన అలవాటు ప్రకారం వెనక్కి వెళ్లి మళ్లీ వస్తోందనుకున్నాను. ఆ పిల్ల వేళ్లు పట్టీ మీద కదిలే చిన్న చప్పుడు వినబడింది, వెనక్కి వెళ్లింది, ముందుకొచ్చింది, మళ్లీ వెనక్కి. తర్వాత, కోర్సు మొదలైన ఈ తొమ్మిది నెలల్లో నేనెప్పుడూ వినని గొంతు ఒకటి వినబడింది. సెవ్గీ గుసగుసగా మాట్లాడుతోంది.

"ఎడమ. మూడు, నాలుగు మధ్య. ఐదో చుక్క. రెండో లోతు." కాస్త ఆగి, ఇంకా చిన్నగా, "కదలట్లేదు డాక్టరుగారూ."

కదలని గడ్డంటే భయపడాల్సిన గడ్డని మాకు నేర్పారు. ఆ చోటు నాకు తెలుసు. ఓవెన్ గంట మోగిన చోటు అది. ఇటువైపు ఎక్కడ ఆపానో, అటువైపు ఎక్కడ మొదలుపెట్టానో ఒక్కసారిగా నా వేళ్లకు గుర్తొచ్చింది. మధ్యలో రెండు వేళ్ల జాగా వదిలేశాను. మా అమ్మ ఒంటి మీద అన్ని చోట్లా తడిమి, తడమాల్సిన ఆ ఒక్క చోటు మీంచి దాటిపోయాను.

తెర లాగేసి వెళ్లిపోవాలనిపించింది. కాళ్లు లేవబోయాయి కూడా. కానీ నా రెండు చేతులూ ఒక పరాయి మనిషి ఒంటి మీద ఉన్నాయి. అవి తీస్తే ఈమె దగ్గర కూడా నాకు దారి పోతుంది. తియ్యలేదు.

"అమ్మాయ్, నీ చేతులు వణుకుతున్నాయేం?" అంది బ్యూజింగ్ గారు. గరగర గొంతు కాస్తా సన్నబడింది. "ఏదైనా దొరికిందా నాలో? చెప్పు, నేను ఏడ్చేరకం కాదు."

ఏమీ లేదని చెప్పకూడదు. ఉందని చెప్పకూడదు. ఆమె ఊపిరి బిగబట్టింది, నా వేళ్ల కింద ఛాతీ రాయిలా అయిపోయింది.

"వణుకు నాదండీ," అన్నాను. "మీ గురించి కాదు. ఒక్క నిమిషం ఇవ్వండి."

"పది తీసుకో తల్లీ," అందావిడ, నా మోచెయ్యి పట్టుకుని.

మిగిలిన పట్టీలు ఎలా ముగించానో నాకు తెలియదు. ఒక్క చుక్క వదల్లేదని, ఒక్క అంకె తప్పు చెప్పలేదని తర్వాత డాక్టరు చెప్పారు. నా పరీక్షకు మంచి మార్కులే వచ్చాయి. నా వేళ్లలో ఏ లోపమూ లేదని ఆ పూట రుజువైంది, అంతకన్నా పెద్ద శిక్ష ఇంకోటి లేదు.

అమ్మను పై అంతస్తుకు తీసుకెళ్లారు, స్కానింగ్ చేయాలని. "ఇంకో చిన్న పరీక్షట ఇల్కా, కాఫీ తాగుతూ ఉండు," అని నా చెంప తట్టి వెళ్లింది. నేను నడవలో గోడకానుకుని నిలబడ్డాను. చేతికర్ర టక్కుటక్కుమంటూ వచ్చి నా పక్కన ఆగింది.

"అక్కా."

నేను గోడ వైపు తిరిగాను.

"నీకు వినబడిందా?"

"వినబడింది."

"నేను మెల్లిగానే చెప్పాను."

"అందుకే వినబడింది," అన్నాను.

సెవ్గీ గోడ వెంబడి జారి నేల మీద కూర్చుంది. ఏడుస్తోంది. "తగలగానే నాకు ముందు సంతోషమేసింది అక్కా. దేవుడు నన్ను క్షమించడు. నిజం మనిషిలో మొదటిసారి దొరికింది కదా, నేను పట్టేశాను అనుకున్నాను. ఒక్క క్షణం. ఆ తర్వాత నా చేతి కింద ఉన్నది ఎవరో గుర్తొచ్చింది."

నేను కూడా ఆ పిల్ల పక్కన కూలబడ్డాను. జూన్ నెల సంగతంతా చెప్పేశాను. పట్టీలు, కేకు, నేనన్న మాట, అమ్మ చేసిన ఫోన్. తొమ్మిది నెలలు ఆ పిల్లను చూసి ముక్కు విరిచినదాన్ని, ఆ పిల్ల భుజం మీద తల పెట్టి చెప్పాను. ఏదో ఒక జోకు వేస్తే బాగుండునని నేనెదురు చూశాను, వెయ్యలేదు.

"ఈ సంగతి టీచరుగారికి చెప్తావా?" అంది చివరికి.

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నేను చెప్పను."

నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. పద్నాలుగు మిల్లీమీటర్లు. ఇంకెక్కడికీ పాకినట్టు లేదని, సెప్టెంబరు మొదట్లో ఆపరేషన్ చేసి తీసేద్దామని డాక్టరు అన్నారు. "మళ్లీ ఉత్తరం వచ్చేదాకా, అంటే ఇంకో రెండేళ్లు ఊరుకుని ఉంటే ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు. ఆ అమ్మాయికి థ్యాంక్స్ చెప్పుకోండి," అన్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది.

మర్నాడు మొల్లెన్‌కాంప్ గారి గదికి వెళ్లాను.

"కూర్చోండి ఇల్కా. అమ్మగారి సంగతి విన్నాను, చాలా బాధేసింది. మీ సర్టిఫికెట్ సంతకానికి సిద్ధంగా ఉంది."

"సంతకం పెట్టకండి మేడమ్," అని నిలబడే చెప్పాను అంతా. చెబుతుంటే గదిలో గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఇది మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అన్నారావిడ.

"తెలుసండీ."

కాగితం సొరుగులో పెట్టి మూసిన చప్పుడైంది. "డిసెంబరు దాకా ఇది ఇక్కడే ఉంటుంది. మూడు నెలలు సెవ్గీ పక్కన కూర్చుని పని చెయ్యండి. ఆమె రెండోసారి ఎందుకు వెనక్కి వెళ్తుందో నేర్చుకోండి."

అది శిక్షలా అనిపించలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ మొత్తం వచ్చేసింది, చంకలో గ్రంథులు శుభ్రంగా ఉన్నాయన్నారు. మూడో రోజు పొద్దున నేనొక్కదాన్నే ఆసుపత్రికి వెళ్లాను. అమ్మ గదిలో ఇంకో మంచం మీద ఎవరో ఒకావిడ రేడియో వింటోంది. అమ్మకు కమలాపండు వొలిచి, తొనలు ఒక్కొక్కటీ చేతిలో పెడుతూ కూర్చున్నాను. ఇంతవరకూ అమ్మకు నేను నిజం చెప్పలేదు. సెవ్గీకీ, టీచరుగారికీ చెప్పాను, ఆమెకు తప్ప.

"అమ్మా, జూన్‌లో నేను నిన్ను చూశాను కదా."

"ఊఁ."

"కేకు తీయడానికి లేచాను కదా. తిరిగొచ్చాక మొదలుపెట్టాల్సిన చోట మొదలుపెట్టలేదు. రెండు వేళ్ల జాగా వదిలేశాను. సెవ్గీకి దొరికింది అక్కడే. నేను ఆ రోజు పట్టీలు వేసి ఉంటే..." ఇంకో తొన ఆమె చేతిలో పెట్టాను. "నావల్లే అమ్మా."

అమ్మ తొన నమిలి మింగింది. గింజ ఒకటి కాగితంలోకి ఉమ్మింది.

"తెలుసు," అంది.

"డాక్టరు చెప్పారా?"

"డాక్టరుకేం తెలుసు? నాకప్పుడే తెలుసు. నా ఒళ్లే కదా, నాకు తెలియదా? నువ్వు తీసినచోట పెట్టలేదు. ఇక్కడ ఆపావు, ఇక్కడ మొదలుపెట్టావు." నా చెయ్యి లాగి తన దుప్పటి మీద పెట్టి చూపించింది. "ఇంత వదిలేశావు."

చేతిలో కమలాపండు చితికి, రసం మణికట్టు మీదుగా స్వెట్టరు చేతుల్లోకి కారుతోంది, నాకు తెలుస్తూనే ఉంది, తుడుచుకోవాలని తోచలేదు.

"మరి... చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నీ అంతట నువ్వు కేకు తీసొచ్చావు. నీ మొహం అలా వెలిగి ఎన్నేళ్లయిందో! రెండు వేళ్ల జాగాలో ఏముంటుందిలే అనుకున్నా. మర్నాడు ఆ ఫోన్ కూడా నీ మొహం చూడ్డానికే చేశా."

"చచ్చిపోయేదానివమ్మా."

"చావలేదుగా."

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు." నా గొంతు నాకే పరాయిగా వినబడింది. "నాకు కళ్లు బాగుంటే చెప్పేదానివా?"

పక్క మంచమావిడ రేడియో తగ్గించింది.

"చెప్పేదాన్ని," అంది అమ్మ. "తిట్టి మరీ చెప్పేదాన్ని."

క్షమించమని అడగడానికి వెళ్లినదాన్ని, కేకలు పెట్టాను. నేను మనిషిని కానా అన్నాను. తప్పు చేస్తే తప్పని చెప్పించుకునే పాటి విలువ కూడా లేదా నాకు అన్నాను. మిల్లులో ఒక్క పోగు తెగినా మీటరు రిబ్బను పక్కన పారేసినదానివి, నా దగ్గర మాత్రం అన్నీ బాగున్నాయంటావా అన్నాను. నీ ప్రాణం కన్నా నా మొహం ఎక్కువా అన్నాను. ముప్పై ఆరేళ్లలో మా అమ్మ మీద నేనెప్పుడూ అలా అరవలేదు. అరుస్తూ ఏడ్చాను, ఏడుస్తూ అరిచాను. ఆపరేషనై మూడు రోజులు కాని మనిషి మీద! పక్క మంచమావిడ రేడియో పూర్తిగా కట్టేసింది.

నేను ఆయాసపడి ఆగిపోయేదాకా అమ్మ ఊరుకుంది. మంచం కిర్రుమంది, దిండు సర్దుకుంది.

"ఇల్కా," అంది. "నీ స్వెట్టరు తిరగేసి వేసుకున్నావు."

"ఏంటి?"

"కుట్లన్నీ బయటికున్నాయి. నువ్వు లోపలికి రాగానే చూశాను."

చేతుల మీద, పక్కల మీద తడుముకున్నాను. నిజమే. ఆ అవతారంతోనే రైలెక్కి, నడవలన్నీ దాటి వచ్చాను. అక్కడే నిలబడి, పక్క మంచమావిడ ముందే విప్పి, సరిగ్గా తిప్పి వేసుకున్నాను. చెవులు వేడెక్కిపోయాయి.

"ఇంకా?" అన్నాను.

"ఇంకా ఏంటి?"

"ఇంకా ఏమేం చెప్పలేదో చెప్పు. అన్నీ."

అమ్మ గింజల కాగితం మడిచి పక్కన పెట్టింది. "నీ బంగాళాదుంప సలాడ్‌లో ఉప్పెక్కువ," అంది. "ఆరేళ్లుగా."

"ఊఁ."

"ఆఫీసులో ఆఖరి రోజు నీ తెల్ల కోటు మీద ఇంత కాఫీ మరక. ఫొటోలో కూడా పడింది. మనిషితో మాట్లాడేటప్పుడు మనిషి వైపు కాకుండా పక్కనున్న గోడకు చెప్తున్నట్టుంటావు. పోయిన క్రిస్మస్‌కు..." ఆగింది. "ఏడుస్తున్నావా?"

"లేదు. ఇంకా?"

"చాలా ఉన్నాయే పిల్లా," అంది మా అమ్మ. "కుర్చీ దగ్గరికి లాక్కో."